సిలిండర్‌లో ఖాళీగా ఉండాల్సిన ఐదో వంతు

మన వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. సిలిండర్ లోపలి కొలత సుమారు 33 లీటర్లు. ఎల్పీజీ లోపల ద్రవరూపంలో ఉంటుంది కాబట్టి దానికి 26 లీటర్ల చోటు చాలు. అంటే నిండు సిలిండర్ అని మనం ఇంటికి తెచ్చుకునేదానిలోనూ దాదాపు ఐదో వంతు చోటులో ద్రవం ఉండదు. ఇది తూకంలో మోసం కాదు. మండు వేసవిలోనూ సిలిండర్ క్షేమంగా ఉండటానికి ఆ ఖాళీయే కారణం. దాన్ని కాపాడే పని బాట్లింగ్ ప్లాంటు చూసుకుంటుంది కాబట్టి మనం దాని గురించి ఆలోచించం.

ఆ పని ప్లాంటు చేతిలోంచి వాడుకదారు చేతిలోకి వస్తే? బ్రిటన్‌లో, యూరప్ దేశాల్లో చాలామంది మోటార్‌హోమ్ యజమానులు ఈ మార్పు చేసుకుంటున్నారు. మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. అందులో పొయ్యి, నీళ్ల హీటర్, చలికాలంలో గదిని వెచ్చబరిచే హీటర్ సాధారణంగా గ్యాస్ మీదే నడుస్తాయి. ఫ్రిజ్ కూడా చాలా బళ్లలో గ్యాస్‌తోనే పనిచేస్తుంది. పక్క అరలో రెండు సిలిండర్లు ఉంటాయి. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడం పాత పద్ధతి.

చిక్కు సరిహద్దు దాటాక మొదలవుతుంది. సిలిండర్ల సైజులు, వాల్వ్ బిగింపులు ఒక్కో దేశంలో ఒక్కో రకం. బ్రిటన్ సిలిండర్‌ను ఫ్రాన్స్‌లోనో స్పెయిన్‌లోనో ఇచ్చి మార్చుకోవడం కుదరదు. పైగా మార్పిడి సిలిండర్‌లో కిలో గ్యాస్ ధర, కార్లకు ఎల్పీజీ పోసే బంకు ధర కంటే బాగా ఎక్కువ. అందుకే చాలామంది బండి కింద శాశ్వతంగా ఒక ట్యాంకునో, అరలో మళ్లీ నింపుకునే ప్రత్యేక సిలిండర్‌నో బిగించుకుని, బంకులో స్వయంగా గ్యాస్ పోసుకుంటున్నారు. దేశాన్ని బట్టి నాలుగు రకాల నాజిల్‌లు ఉన్నా, అడాప్టర్లు దగ్గరుంటే సరిపోతుంది.

నా దృష్టిలో ఇది మంచి మార్పే. కానీ దీన్ని డబ్బు ఆదా లెక్కగా మాత్రమే చూడటం ప్రమాదకరం. ఇక్కడ అసలు మారేది ఆ ఐదో వంతు ఖాళీకి బాధ్యత ఎవరిదన్న విషయం.

భౌతికశాస్త్రం చెప్పేది ఇది. 15 డిగ్రీల సెల్సియస్ నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే నీరు సుమారు 1 శాతం వ్యాకోచిస్తుంది. ద్రవ ప్రొపేన్ సుమారు 13 శాతం వ్యాకోచిస్తుంది. వంద లీటర్ల ట్యాంకులో 80 లీటర్లు పోస్తే అది 90 లీటర్లవుతుంది, ఇంకా చోటు మిగులుతుంది. అదే 95 లీటర్లు పోస్తే 50 డిగ్రీలకు చేరకముందే ట్యాంకు అంచుల దాకా ద్రవంతో నిండిపోతుంది. వాయువును నొక్కితే కుదించుకుంటుంది, ద్రవం దాదాపు కుదించుకోదు. కాబట్టి అక్కడి నుంచి ప్రతి డిగ్రీకీ పీడనం విపరీతంగా పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఉన్నట్టే ట్యాంకుకూ సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. అది తెరుచుకుంటే బయటికొచ్చే ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. అది గాలి కంటే బరువైనది, పైకి పోకుండా నేలబారున పాకుతుంది. గాలిలో 2 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది.

ప్లాంటులో ఈ ఖాళీని తూకంతో కాపాడతారు. బంకులో తూకం లేదు, లీటర్ల మీటరే ఉంటుంది. మీ ట్యాంకులో ఇంకా ఎంత మిగిలి ఉందో ఆ మీటరుకు తెలియదు. అందుకే ట్యాంకులోనే ఒక ఫ్లోట్ వాల్వ్ ఉండాలి. మన మిద్దె మీది నీళ్ల ట్యాంకులో బంతి తేలి నీటిని ఆపినట్టే, ఇది 80 శాతం దగ్గర గ్యాస్‌ను ఆపేస్తుంది. వాహనాల ఎల్పీజీ ట్యాంకులకు ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం 67వ నిబంధన పెట్టిన పరిమితి కూడా 80 శాతమే. ఈ వాల్వ్ లేని మామూలు మార్పిడి సిలిండర్‌కు అడాప్టర్ తగిలించి, లీటర్లు లెక్కపెట్టుకుంటూ నింపడం తెలివైన ఉపాయంలా కనిపించవచ్చు. అడుగున మిగిలిన గ్యాస్ అంచనా తప్పితే ఆ లెక్కంతా తప్పుతుంది.

ఇంకో విషయం తరచూ మరుగున పడుతుంది. కారు ఇంజిన్‌కు గ్యాస్ ఇచ్చే ట్యాంకు అడుగు నుంచి ద్రవాన్ని తోడుతుంది. పొయ్యికి కావాల్సింది పైన చేరిన ఆవిరి. 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ట్యాంకులో పీడనం బయటి గాలి కంటే సుమారు 7 బార్లు ఎక్కువ. రెగ్యులేటర్ దాన్ని 0.03 బార్లకు తగ్గించి పొయ్యికి పంపుతుంది. ఆవిరి కోసం చేసిన రెగ్యులేటర్‌లోకి ద్రవం వెళితే పొయ్యి దగ్గర మంట అదుపు తప్పుతుంది. కాబట్టి పాత కారు ట్యాంకు చవగ్గా దొరికిందని మోటార్‌హోమ్‌కు బిగించకూడదు.

చలి సంగతీ చూసుకోవాలి. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతాయి. వెచ్చని దేశాల బంకుల్లో బ్యూటేన్ పాలు ఎక్కువగా ఉండొచ్చు. అక్కడ నింపుకుని మంచుకొండలకు వెళితే ట్యాంకులో ద్రవం ఉన్నా పొయ్యికి గ్యాస్ అందదు.

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. తెలుగు పత్రికల్లో ‘గ్యాస్ రీఫిల్లింగ్’ అన్న మాట ఎక్కువగా నేరవార్తల్లోనే కనిపిస్తుంది. ఇంటి సిలిండర్ నుంచి చిన్న సిలిండర్లలోకి, వాహనాల్లోకి దొంగచాటుగా గ్యాస్ ఎక్కించే దుకాణాల కథలవి. అక్కడ తూకమూ సరిగా ఉండదు, ఫ్లోట్ వాల్వూ ఉండదు. ఐదో వంతు ఖాళీని కాపాడేవారు ఎవరూ లేరు. ప్రయాణంలో వంట ఎంత ప్రమాదకరమో 2023 ఆగస్టు 26న మదురైలో చూశాం. యాత్రికుల రైలు పెట్టెలో అక్రమంగా తెచ్చుకున్న సిలిండర్ వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు.

మరోపక్క మన దగ్గరా కారవాన్ పర్యాటకం మొదలైంది. కేరళ 2021లోనే దానికి ఒక విధానం ప్రకటించింది. ఈ బళ్లు పెరిగే కొద్దీ వాటిలో వంటకు ఏం వాడాలన్న ప్రశ్న వస్తుంది. స్పష్టమైన దారి చూపకపోతే ఇంటి సిలిండరే బండెక్కుతుంది. వాహనాల్లో ఇంధనంగా ఎల్పీజీని మన చట్టం 2000లోనే అనుమతించింది. 80 శాతం దగ్గర ఆగే ట్యాంకులూ, వాటిని నింపే బంకులూ మన దగ్గర ఉన్నాయి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. వంటకు ఆవిరి ఇచ్చే స్థిరమైన ట్యాంకులకు ప్రమాణాలు రాసి, బిగించే అర్హత ఎవరికుందో చెప్పి, ఏటా తనిఖీ తప్పనిసరి చేస్తే చాలు.

అసలు గ్యాసే ఎందుకు, బ్యాటరీ మీద ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవచ్చు కదా అనేవారి మాటలోనూ న్యాయం ఉంది. మన మైదానాల్లో గది వెచ్చబరచనక్కర్లేదు, రెండు పూటల వంటకు మంచి బ్యాటరీ సరిపోతుంది. కానీ కిలో ఎల్పీజీలో సుమారు 13 యూనిట్ల శక్తి ఉంది. 100 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు. లద్దాఖ్ చలిలో రాత్రంతా హీటర్ నడపాల్సిన బండికి గ్యాస్ అవసరం ఇంకొంతకాలం తప్పదు.

అందుకే మోటార్‌హోమ్ కొనేవారైనా, యూరప్ సెలవుల్లో అద్దెకు తీసుకునేవారైనా గ్యాస్ ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ ట్యాంకు 80 శాతం దగ్గర దానంతటదే ఆగుతుందా? ఇది ఇచ్చేది ఆవిరా, ద్రవమా? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ బండిలో పొయ్యి వెలిగించకండి.