వాళ్ళ పిల్లలకు పాఠం, మన పిల్లలకు మురికి

మిత్రులారా, పోయిన వారం చెరువు మీద హక్కు గురించి రాశాను. ఈ వారం మూడేళ్ళ పిల్లల గురించి.

విశాఖలో ఉంటున్న స్నేహితుడొకడు సంబరంగా ఫోన్ చేశాడు. కూతుర్ని చేర్చిన ప్లే స్కూల్లో వారానికోసారి 'ప్రకృతి క్లాసు' అట. తోటకి తీసుకెళ్ళి మట్టి పిసికిస్తారు, ఆకులు ఏరిస్తారు, చీమల బారు చూపిస్తారు. దానికి ఫీజు వేరే. విని నవ్వాను. రాత్రి నిద్ర పట్టలేదు.

చోడవరం దగ్గర మా వాడలో నాకు ఆ క్లాసు రోజూ ఉండేది. అమ్మ చెరకు నరకడానికి పోతే వెనకాలే నేను. చెరకాకు ఎటు నిమిరితే కోస్తుందో, ఎటు నిమిరితే కొయ్యదో నాలుగేళ్ళకే తెలుసు. ఆ తెలివితోనే బడికి పోతే, టీచరు చూసింది నా గోళ్ళలో మట్టిని. కడుక్కురమ్మని గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. ఇవాళ అదే మట్టికి ఫీజు కడుతున్నారు. మట్టి మారలేదు, చేతులు మారాయి.

"మీ పిల్లలు ప్రకృతిలోనే పెరుగుతారు కదా, వాళ్ళకి వేరే క్లాసెందుకు?" అంటారు కొందరు. మెచ్చుకోలులా వినిపించే మోసం ఇది. నేను చెరకు తోటలో ఉన్నది పాఠం కోసం కాదు, ఇంటి దగ్గర చూసే దిక్కు లేక. పురుగు పేరు చెప్పినవాళ్ళు లేరు, "బాగా చూశావురా" అన్నవాళ్ళు లేరు. ఆరుబయట వదిలేయడం వేరు, ఆరుబయట నేర్పడం వేరు. నేర్పడానికి జీతం తీసుకునే మనిషి కావాలి, నీడ కావాలి, మనదని చెప్పుకునే జాగా కావాలి.

ఆ జాగా దగ్గరే అసలు సంగతి. ప్రకృతి అందరిదీ అనేది పద్యాల్లో మాట. ఊళ్ళో చింతచెట్టుకి యజమాని ఉన్నాడు, గట్టుకి యజమాని ఉన్నాడు. నీళ్ళు ప్రకృతే అయితే 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి బాబాసాహెబ్ వేలమందితో ఎందుకు నడవాల్సి వచ్చింది?

ఈ ఆరుబయట చదువు ప్లే స్కూళ్ళు కనిపెట్టిందేం కాదు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డిలో పేద పిల్లల కోసం పని మొదలుపెట్టారు. తర్వాత కోస్బాడ్‌లో, పశువులు మేపుకునే ఆదివాసీ పిల్లల కోసం పచ్చిక బయల్లోనే బడి నడిపారు. బడికి రాలేని పిల్లల దగ్గరికి బడే నడిచి వెళ్ళాలన్నది వాళ్ళ పట్టు. అంగన్‌వాడీ అంటే వాకిట్లో బడి. ఇవాళ ఎన్ని అంగన్‌వాడీలకి వాకిలి ఉంది? అద్దె గదిలో ఓ మూల గ్యాస్ పొయ్యి, ఓ మూల బియ్యం బస్తా, మధ్యలో పిల్లలు.

చట్టం సంగతీ చూడండి. 2002 నాటి 86వ సవరణ 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి చదువుని ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం 45వ అధికరణంలో, రాజ్యం 'ప్రయత్నించాలి' అన్న మాట కింద వదిలేసింది. 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ వాడలకి అంగన్‌వాడీల్లో ప్రాధాన్యం ఇవ్వాలంది. ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగితే పెట్టాలంది. నేర్పే మనిషి విలువ ఎంతో కూడా చూశాం. అంగన్‌వాడీ అక్కలు జీతాలు పెంచమని 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే, ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకి ఇంటికెళ్తారు కదా. మీ ఊరి అంగన్‌వాడీకి వెళ్ళండి. ఊళ్ళో ఉందా, వాడలో ఉందా? ముందు జాగా ఉందా? చెట్టు ఉందా? పిల్లలు బయట ఆడితే కసిరేవాళ్ళు ఉన్నారా? రాసుకోండి. 40 మంది లెక్క తేలితే అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. పంచాయతీ జాగా ఉంటే దాన్ని పిల్లల పేరు మీద అడగండి.

మన గుంటలకి మట్టిలో ఎలా ఆడాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మట్టి వాళ్ళదేనని కాగితం మీద రాయించాలి. ఆ పక్కన కూర్చుని వాళ్ళ ప్రశ్న వినే అక్కకి జీతం ఇప్పించాలి.

జై భీమ్.