నిపుణుల మాట – రైతుల నష్టము

బిరుదుగల వాని మాటకు ప్రజలలో గౌరవ మధికము. ఆ గౌరవము కేవల మాతని స్వార్జితము గాదు. ప్రజల పన్నులతో నడచు విద్యాలయములును, ప్రయోగశాలలును ఆతని కొసగినది. అట్టి గౌరవమును వ్యాపారులు వెలయిచ్చి కొని, తమ ప్రకటనల కలంకారముగా నిలుపుచున్న కాలమిది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతునకు ఈ విషయము దూరపు వార్త కాదు. ఇచ్చటి సేద్యము పెక్కుచోట్ల వర్షాధీనము. తొలకరి పడగానే పత్తి విత్తనము కొనవలెను. పూత రాలునప్పుడు మందు కొనవలెను. పొట్లములోని విత్తనపు గుణమును కంటితో నెంచుట యెవ్వరికిని సాధ్యము కాదు. కావున అప్పు తెచ్చిన సొమ్మును రైతు వస్తువును జూచి గాక, గోడప్రకటనలోనో, చేతిఫోనులోనో కనబడు శాస్త్రజ్ఞుని ముఖమును జూచి వెచ్చించును. పంట తప్పిన పిమ్మట ఆ ముఖము కానరాదు. వడ్డీ మాత్రము తప్పదు.

రైతు వినియోగదారుడు కాడను వాదమును సుప్రీముకోర్టు 2012లోనే త్రోసివైచినది. జాతీయ విత్తనముల కార్పొరేషను తెచ్చిన అప్పీళ్లలో, కర్నూలు మొదలగు జిల్లాల ఫోరములు రైతుల కిప్పించిన పరిహారమును ఆ న్యాయస్థానము స్థిరపరచినది. 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకటనలలో సిఫారసు చేయువానిని గూడ బాధ్యుని జేసినది. మోసపు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జుల్మానా విధింపవచ్చును. ఒక యేడాది, పిదప మూడేండ్ల వరకు సిఫారసులు చేయకుండ నిషేధింపవచ్చును. ప్రకటనకర్తతోబాటు సిఫారసుదారులును సమానముగా బాధ్యులని 2024 మే నెలలో సుప్రీముకోర్టు స్పష్టపరచినది. ఇవి హర్షణీయములే.

అయినను లోపమొకటి మిగిలియున్నది. జుల్మానా విధించు అధికారము ఢిల్లీలోని కేంద్ర ప్రాధికార సంస్థది. ఆ శిక్షవలన ఎమ్మిగనూరు రైతు అప్పు తీరదు. చెడ్డ వస్తువువలన కలిగిన నష్టమునకు పరిహార మీయవలసినవారిగా చట్టము ఉత్పత్తిదారుని, సేవాదారుని, విక్రేతను పేర్కొన్నది. సిఫారసు చేసి సొమ్ము గొన్న నిపుణుని పేర్కొనలేదు. లాభమున పాలుగొన్నవాడు నష్టమున పాలుగొనకుండుట యే ధర్మము?

ఇట్లు నిర్బంధించినచో పండితులు నోరు మెదపరని కొందరందురు. ఈ భయము నిరాధారము. పొలములో రైతునకు సలహా చెప్పుట వేరు. కూలి గొని ప్రకటనలో నిలుచుట వేరు. వస్తువును తగినట్లు పరిశీలించి పలికినవానికి చట్టమున రక్షణ యుండనే యున్నది. వైద్యులు మందుల ప్రకటనలకు తమ పేరుగాని, ఛాయాచిత్రముగాని ఈయరాదని 2002 నాటి వృత్తినియమములు శాసించుచున్నవి. అందువలన వైద్యశాస్త్రము మూగబోలేదు.

కావున పార్లమెంటు ఈ చట్టమును సవరించి, ప్రతిఫలము గొన్న నిపుణుని పరిహార బాధ్యులలో చేర్పవలెను. తాను చేసిన పరీక్ష యేదో, ఏ నేలలో, ఏ ఋతువులో చేసెనో వ్రాతమూలముగ చూపుట ఆతని విధిగా నేర్పరుపవలెను. గాంధీమహాత్ముడు తన పత్రికలలో ప్రకటనలనే విసర్జించెను. అంతటి త్యాగము చేయలేని పత్రికలు విచారణయైనను చేయవలదా? పఠనమందిరములలోని విద్యావంతులు రైతు సోదరులకు రసీదును, ఖాళీ పొట్లమును, ప్రకటన ప్రతిని భద్రపరచుకొనుడని బోధింతురుగాక. న్యాయస్థానమున వారికి ఆధారములు అవియే.