బొమ్మ వెనక పేరు

మన పేటల్లో పుట్టిన పిల్లలకు నూలు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పడుగంటే ఏమిటో, పేకంటే ఏమిటో మాటలు వచ్చేనాటికే తెలిసిపోతుంది. నిలువు దారమూ అడ్డదారమూ కలిస్తేనే గుడ్డ అని మన నమ్మకం. అయితే పడుగూ పేకా రెండూ లేకుండా, మగ్గమే లేకుండా, ఒక్క సూదితో ఉన్నిని పొడిచి పొడిచి పిట్టల్నీ, కుందేళ్లనీ, మనుషుల ముఖాల్నీ తయారుచేసే పని ఒకటి వున్నది. దాన్ని నీడిల్ ఫెల్టింగ్ అంటారు. ఇంట్లో అమ్మాయి ఎవరైనా ఈ పని నేర్చుకుంటానంటే, “ఇదేం పని, బొమ్మలాటా?” అని పెద్దలు కొట్టిపారేయకముందు దాని సంగతి నాలుగు మాటల్లో తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే అది మనకు తోచినంత దూరపు చుట్టం కాదు.

గొర్రె ఉన్ని పైకి నున్నగా కనిపించినా, ఒక్కొక్క వెంట్రుకమీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటవి. వేడినీళ్లూ సబ్బూ వేసి రుద్దితే ఆ వెంట్రుకలు ఒకదానినొకటి పెనవేసుకుని గట్టిపడిపోతవి. కాశ్మీరపు నమదాలు ఇలా తయారయ్యేవే. నీళ్ల అవసరం లేకుండా ఆ పనినే సూది చేస్తుంది. ఈ సూది కుట్టుసూది వంటిది కాదు. దారం ఎక్కించడానికి కన్ను వుండదు. మొన దగ్గర అంచుల వెంట చిన్న చిన్న గంట్లుంటవి. పొడిచినప్పుడల్లా ఆ గంట్లు పై వెంట్రుకల్ని లోపలికి లాక్కుపోయి అక్కడే వదిలిపెట్టి వస్తవి. అలా వేలసార్లు పొడిస్తే, దూదిపింజలా వున్నది కాస్తా ముద్దగా, గట్టిగా తయారవుతుంది. ఎక్కడ ఎక్కువ పొడిస్తే అక్కడ లోతు పడుతుంది. కంటి గుంట, ముక్కు పక్క వాలు, పెదవి చివర ముడత, అన్నీ ఆ లెక్కతో వచ్చేవే. ఈ సూదులు మొదట కర్మాగారాల్లోని యంత్రాల కోసం పుట్టినవి. వాటిని విడిగా చేతపట్టుకుని పని చేయవచ్చునని 1980లలో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో స్టాన్‌వుడ్ దంపతులు చూపించారు. తరువాత అది దేశదేశాలకూ పాకింది.

పద్ధతి కొత్తదే గాని, ఉన్నితో బొమ్మ చేయాలన్న కోరిక మాత్రం చాలా పాతది. సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో పజిరిక్ అనే చోట మంచు గడ్డకట్టిన పాత సమాధుల్ని 1947-49 మధ్య తవ్వినప్పుడు, గట్టిపరచిన ఉన్నితో చేసిన హంసలు దొరికినవి. వాటి వయస్సు రెండువేల యేండ్లకు పైమాటే. ఈనాడు అవి సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోని హెర్మిటాజ్ మ్యూజియంలో వున్నవి. మెడ వంపు చెక్కుచెదరలేదు. చేసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ చివరి మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఎందుకంటే మన షోలాపురంలో కూడా దారంతో బొమ్మలు చేసే విద్య వున్నది. దుప్పట్లూ తువ్వాళ్లూ కాదు నేను చెప్పేది. చేమగ్గం మీద దేవుళ్ల రూపాల్నీ, దేశనాయకుల ముఖాల్నీ నేసిన వాల్ హ్యాంగింగులు. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ దించుకోవాలి. ఒక్కొక్క గడి ఒక్కొక్క పోగుకు లెక్క. ఆ లెక్క ప్రకారం జకార్డుకు అట్టలు గుద్దుకోవాలి, లేదా రంగురంగుల చిన్న కండెల్ని చేత్తోనే పోగుల మధ్య దూర్చుకుంటూ పోవాలి. గాంధీగారి కళ్లద్దాల వంపు ఒక్క పోగు తప్పినా గాంధీగారు గాంధీగారిలా వుండరు. ఉన్నిబొమ్మలో తప్పు వస్తే మరికాస్త ఉన్ని పెట్టి మళ్లీ పొడుచుకోవచ్చు. మగ్గం మీద తప్పు వస్తే విప్పుకుంటూ వెనక్కు రావాలి. ఏది కష్టమని పోటీ పెట్టనక్కరలేదు. రెండూ ఒకే జాతి పనులు. దారానికి ప్రాణం పోసే పనులు.

జకార్డు మాట వచ్చింది గనుక దాని పుట్టినింటి కథ ఒకటి చెప్పుకోవాలి. ఆ సాధనాన్ని 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో జోసెఫ్ మరీ జకార్డ్ రూపొందించాడు. ఆయన పోయిన తరువాత, 1839లో, ఆయన ముఖచిత్రాన్నే పట్టుమీద నేశారు. దానికి 24,000 అట్టలు గుద్దవలసివచ్చింది. చూసినవాళ్లు అచ్చువేసిన చిత్రమనుకునేంత సన్నని పని. అసలు బొమ్మ వేసిన చిత్రకారుడు బొన్ఫోన్ అనీ, నేసిన మనిషి కార్కియా అనీ ఈనాటికీ మ్యూజియంల పుస్తకాల్లో వుంటుంది. నేతగాని పేరు దాదాపు రెండువందల యేండ్లు నిలిచింది.

మన ఇంటి గోడమీది బొమ్మనో, పెట్టె అడుగున మడతపెట్టి వున్న బొమ్మనో ఒకసారి వెనక్కు తిప్పి చూడండి. పేరున్నదా?

షోలాపురం చద్దరుకూ టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి చట్టం ప్రకారం మరో ఊరివాళ్లు తమ సరుకుకు ఆ పేరు పెట్టి అమ్మడానికి వీలులేదు. మంచిదే. కాని ఆ చట్టం కాపాడేది ఊరి పేరును. మనిషి పేరును మనమే కాపాడుకోవాలి. 19వ శతాబ్దంలో తెలంగాణా పల్లెల నుంచి మగ్గం పని నమ్ముకుని ఇక్కడికి వచ్చిన మన పెద్దలు వెంట తెచ్చుకున్న ఆస్తి చేతిలోని పనే. ఆ పని చేసినవారి పేరు మూడో తరానికి తెలియకపోతే ఆస్తిలో సగం పోయినట్లే.

పేరు పెట్టుకోవడం అహంకారం కాదా అని కొందరు అడగవచ్చును. కాదు. తాడునూ జనపనారనూ ముడులువేసి నిలువెత్తు విగ్రహాలు చేసిన మృణాళినీ ముఖర్జీ (1949-2015) సంగతి చూడండి. ముడి వేయడం ఆడవాళ్ల చేతిపనే గాని శిల్పమెలా అవుతుందని లోకం సందేహించే రోజుల్లో ఆమె ఆ పని పట్టుకుని వదలలేదు. 2019లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం వారు ఆమె పనికి పెద్ద ప్రదర్శన ఏర్పాటుచేశారు. మన వారినే చూసినా, పుట్టపాక నేత పుట్టించిన గజం గోవర్ధనగారికి 2011లోనూ, గజం అంజయ్యగారికి 2013లోనూ పద్మశ్రీ వచ్చింది. వారి చీర చూసినవాళ్లు వారి పేరు కూడా చెప్పగలిగారు గనుకనే ఆ గౌరవం వెతుక్కుంటూ వచ్చింది.

ఇక అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఈ పనితో బతుకు వెళ్తుందా? ఇంట్లో పెద్దలు అడిగేదీ ఇదే. అడగడంలో తప్పులేదు. మన ఇళ్లలో కూలి అంటే వెయ్యి బీడీలకింత, చద్దరు ఒక్కింటికింత. చేసినకొద్దీ లెక్క కళ్లముందుంటుంది. ఉన్నిబొమ్మకు ఆ లెక్క కుదరదు. ఒక పిట్టకు 12 గంటలు పట్టిందనుకుందాం. ఉన్ని, తీగె, విరిగిన సూదులు కలిపి 150 రూపాయలు. 750కి అమ్మితే మిగిలేది 600. గంటకు 50 రూపాయలు. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా “ముచ్చటగా వుంది, 300కి ఇచ్చెయ్” అన్నవారికల్లా ఇచ్చేస్తే ఆ ముచ్చట యేడాది తిరగదు. గంటలు రాసుకోవడం కళాకారులకు చిన్నతనం కాదు. పేరు లేని పని సరుకవుతుంది. సరుకుకు బజారు వెల కడుతుంది. పేరున్న పనికి చేసినవాళ్లు వెల చెప్పవచ్చు. కనుక మొదటి బొమ్మ నుంచే అడుగున పేరూ యేడూ కుట్టడం అలవాటు చేసుకోవాలి.

నేర్చుకునేవారికి మన పేటలో ఒక లాభం కూడా వున్నది. ఉన్నితో వేరే వస్తువుల్ని కలిపి చేసే బొమ్మల్ని మిశ్రమ మాధ్యమం అంటారు. పడుగు దిగిన తరువాత మిగిలే రంగు నూలు కొసలు మనకు కొదవలేదు. నూలుకు ఉన్నికున్న పొలుసులు వుండవు గనుక సూదితో అంత సులువుగా పట్టదు. దాన్ని చుట్టుకోవాలి, కుట్టుకోవాలి. దేహానికి ఉన్ని, కట్టుకున్న చీరకు మన నూలు. కండెలు చుట్టే అవ్వ బొమ్మకు ఇంతకంటే తగిన సరంజామా ఎక్కడ దొరుకుతుంది? దక్కను గొర్రెల నల్ల ఉన్ని, గొంగళ్లు నేసేది, కాస్త మొరటుదే. అయినా అవ్వ తలకు గాకపోయినా మేకపిల్ల ఒంటికి అది చక్కగా సరిపోతుంది. ఒక జాగ్రత్త: సూదిని నిటారుగా దించి నిటారుగా తీయాలి. వంకరగా పొడిస్తే విరుగుతుంది. అడుగున మందపాటి స్పాంజి పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు అందనివ్వకూడదు. వేలికి దిగితే గంట్ల మూలాన గాయం పెద్దదవుతుంది.

చివరగా, ఇంట్లో పాత వాల్ హ్యాంగింగు వున్నవారికి ఒక మనవి. అరచేయంత తెల్లగుడ్డ తీసుకుని దానిమీద నేసినవారి పేరు, వారి ఊరు, నేసిన యేడు దారంతో కుట్టి బొమ్మ వెనక అంచుకు నాలుగు కుట్లు వేయండి. జిగురుతో అంటించవద్దు, పురుగు పడుతుంది. గళ్ల కాగితం మీద బొమ్మ దించినవారు వేరే వుంటే వారి పేరు కూడా. కండెలు చుట్టిన తల్లి పేరు మరువవద్దు. ఆమె చుట్టకపోతే నాడె నడిచేది కాదు గదా. బొమ్మను ఎప్పుడూ ఒకే మడత మీద మడవకండి. మడతచోటే చిరుగుతుంది. ఎండ తగిలే గోడకు తగిలించకండి. ఉన్ని కలిసినదైతే పెట్టెలో కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి వేయండి.

యేడు సరిగా తెలియకపోతే ఇంట్లో పెద్దల్ని అడగండి. పెద్దబ్బాయి పుట్టిన యేడనో, ఫలానా మిల్లు మూతపడిన యేడనో చెబుతారు. అదే రాయండి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయస్వామి రథం కదిలేనాటికి ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క బొమ్మకు పేరు కుట్టినా చాలును. అడిగితే చెప్పగల పెద్దలు మన మధ్య వున్నప్పుడే ఈ పని జరగాలి.