జ్వరము వెనుక గుండెపోటు

మందు వేసిన వారమునకు, వేయకున్న ఏడు దినములకు పడిసెము తగ్గునని మనవారు పరిహాసమాడుదురు. అందరికిని ఇది పరిహాసము కాదు. ఇన్‌ఫ్లుయెంజా సోకినవారిలో సంభవించిన 364 గుండెపోటులను కెనడాలోని ఆంటారియో రాష్ట్రమున పరిశోధకులు పరిశీలించి, వ్యాధి నిర్ధారణమైన పిమ్మట మొదటి ఏడు దినములలో ఆ ముప్పు తక్కిన కాలమునకంటె ఆరురెట్లు హెచ్చుగా నున్నదని 2018లో ప్రకటించిరి. 2020లో న్యూయార్కు నగరమున ఏబదియేండ్లు నిండని కరోనా రోగు లైదుగురు, రెండే వారములలో, మెదడులోని పెద్ద ధమనులు మూసుకొని పక్షవాతము పాలైరి.

కారణము దుర్గ్రాహ్యము కాదు. ధమనుల లోపలి పొర ఆరోగ్యముగా నున్నంతకాలము రక్తమును గడ్డకట్టనీయదు. వైరస్సుతో దేహము పోరాడునపుడు పుట్టు తాపము ఆ పొరను దెబ్బతీయును, రక్తఫలకికలను రెచ్చగొట్టును. ఏండ్లతరబడి ధమని గోడలో పేరుకొనిన క్రొవ్వు ఆ సమయమున పగిలినచో, దానిపై గడ్డ ఏర్పడి రక్తప్రవాహమును నిలిపివేయును. కావున మధుమేహము, రక్తపుపోటు, హృద్రోగము గలవారికి ఫ్లూజ్వరము కేవలము ఊపిరితిత్తుల వ్యాధి కాదు.

ఇందుకు నివారణోపాయము లేకపోలేదు. గుండెపోటు వచ్చిన రోగులకు వెంటనే ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసి ఎనిమిది దేశములలో జరిపిన పరీక్షాఫలితములు 2021లో వెలువడినవి. ఏడాదిలోపల మరణము, మరల గుండెపోటు మున్నగు ఆపదలు టీకా పొందినవారిలో నూటికి 5.3, పొందనివారిలో 7.2. మన పొరుగుననున్న బంగ్లాదేశమును ఆ పరీక్షలో పాల్గొన్నది.

మరి మన మేమి చేయుచున్నాము? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము బీదవాని గుండెచికిత్సకు ధనమిచ్చినది, అది స్తుత్యమే. కాని ఆ చికిత్స పొంది యిల్లు చేరినవానికి ఏటేట ఒక్క సూది వేయించు బాధ్యతను ప్రభుత్వము వహింపకున్నది. దేశ సార్వత్రిక టీకాల కార్యక్రమములో ఇన్‌ఫ్లుయెంజాకు చోటు లేదు. గండిపడిన పిదప మన్ను మోయుటకు డబ్బున్నవారికి, ముందుగా కట్టను గట్టిపరచుటకు లేకపోవునా? ఏటేట వేయవలయును గనుక వ్యయమధికమందురు. అట్లయిన అందరికి నొక్కమారు వలదు, హృద్రోగులతోనే ప్రారంభింపుడు.

ప్రజలకును ఒక మనవి. భయపడి, వైద్యుని యడుగక రక్తమును పలుచనచేయు మందులు మ్రింగరాదు. రక్తస్రావమై ప్రాణాపాయము కలుగవచ్చును. జ్వరముతోనున్నవానికి రొమ్ము నొచ్చినను, మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను అది నీరసమని ఉపేక్షింపక తత్‌క్షణము ఆసుపత్రికి చేర్పవలయును. ధమని మూసుకొనినపుడు గడచు ప్రతి నిమిషమును ప్రాణమునకు వెల.