పాపం అంటని సంచి

తిరుత్తణి మురుగన్ కొండకు వచ్చే ఆడికృత్తిక కావళ్ల రద్దీ తగ్గాక ఒకరోజు మా వీధి పెద్దమ్మతో మాట వచ్చింది. వాళ్లింటి పిల్లి ఏడాదికి రెండు మూడు సార్లు ఈనుతుంది. ఆపరేషన్ చేయిద్దాం, నేనే ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. ఆమె చెవులు మూసుకుంది. "మూగజీవి కడుపు కోయిస్తావా నాయనా? ఉసురు తగుల్తుంది." మరి పోయిన ఈతలో పుట్టిన నాలుగు కూనలూ ఏమయ్యాయంటే దాపరికం లేకుండా చెప్పింది. కళ్లు తెరవగానే బియ్యం సంచిలో వేసి, మూతి కట్టి, కొడుకు బండిమీద తీసుకెళ్లి అరక్కోణం రోడ్డులో వదిలి వచ్చాడట. "చంపలేదు కదా. కొండమీద సామి చూసుకుంటాడు."

తిరుత్తణి సామికి ఇప్పటికే చేతినిండా పని. పెళ్లిళ్లు, పరీక్షలు, అప్పులు, కోర్టు కేసులు. 365 మెట్లెక్కి మనం అప్పజెప్పి వచ్చినవి చాలక, ఇప్పుడు పిల్లికూనలకు పాలు పట్టే బాధ్యత కూడా ఆయనదే. ఇంకో సంగతి. కోడలికి రెండో కాన్పు కాగానే దగ్గరుండి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించింది ఈ పెద్దమ్మే. అప్పుడు ఏ ఉసురూ అడ్డం రాలేదు.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మనవాళ్ల నమ్మకం. బంగారం ధర వింటేనే చెయ్యి ఆగిపోతుంది. అందుకని చంపరు, వదిలేస్తారు. అదీ దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా సంచి మూతి బిగించి మరీ. పిల్లికూన కళ్లు తెరిచేది పుట్టిన వారం పదిరోజులకు. నాలుగో వారం దాకా తల్లిపాలే తిండి. ఆ వయసులో ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేదు. తల్లి పొట్ట కింద, తోడబుట్టినవాటి మధ్య ముడుచుకుంటేనే వెచ్చదనం. రోడ్డు పక్కన ఒక్క రాత్రి చలి చాలు. చలి తప్పితే ఆకలి, ఆకలి తప్పితే కుక్క, అదీ తప్పితే ఇసుక లారీ. పాపం లారీవాడి పద్దులో రాసుకుంటారు కాబోలు.

కుక్కల సంగతి ఇంతకంటే మెరుగేమీ కాదు. పశ్చిమ బెంగాల్ వీధుల్లో 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లల్ని పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. ఏడు నెలలు నిండేసరికి మిగిలినవి నూటికి 19. చచ్చినవాటిలో సగానికి పైగా మనుషుల మూలానే చచ్చాయి. 2016లో అచ్చయిన లెక్క ఇది. పుట్టకుండా ఆపడం పాపమట. పుట్టినవాటిలో నూటికి ఎనభై చస్తుంటే చూస్తూ కూర్చోవడానికి మాత్రం ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.

నా చిన్నప్పుడు నగరి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో తాతయ్యకు జ్వరం తగిలింది. వీధిలో ఒక ఎర్రకుక్క రాత్రంతా మోరెత్తి ఏడ్చేది. కుక్క కంటికి యముడు కనిపిస్తాడు, తాత పని అయిపోయిందన్నారు ఇంటికొచ్చిన పెద్దలు. మూడో రాత్రి ఎవరో కాగే గంజి తెచ్చి దానిమీద కుమ్మరించారు. పొద్దున అది ఎద్దులబండి కింద పడుకుని ఉంది. వీపుమీద చర్మం ఊడి ఎర్రగా కండ బయటపడింది. ఈగలు ముసురుతున్నాయి. పొదుగు పాలతో గట్టిపడి ఉంది. ఆ వారమే దాని కూనల్ని ఎవరో గంపలో పెట్టి చెరువవతల పారబోసి వచ్చారు. అది యముణ్ని చూసి ఏడవలేదు, పిల్లల్ని పిలిచింది. ఊళ్లో అందరికీ తెలుసు ఆ గంప సంగతి. అయినా యముడే కనిపించాడు వాళ్లకు. కుక్క ఆ సాయంత్రమే పోయింది. తాతయ్య నా పెళ్లి భోజనం కూడా తిన్నాడు.

ఇలాంటి చోట కుక్కకు పూజ కూడా ఉందండోయ్. తమిళంలో తేయ్‌పిరై అష్టమి అంటారే, ఆ బహుళాష్టమికి కుక్క వాహనంగా ఉన్న భైరవుడికి వడమాల వేస్తారు. శనివారం నల్లకుక్కను వెతికి పెరుగన్నం పెడతారు. తెల్లకుక్క పక్కనే తోకాడిస్తుంటే అదిలిస్తారు. శని దానిలో లేడు మరి. కేతువు బాగాలేదు, కుక్కను పెంచమంటాడు టీవీ జ్యోతిష్కుడు. పెంచుతారు. దశ మారాక దాన్ని ఏం చేయాలో ఆయన చెప్పడు.

ప్రవచనకారులకు ధర్మరాజు కుక్క కథ మహా ఇష్టం. కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు, అది తీరా చూస్తే యమధర్మరాజే. అది కుక్కగానే మిగిలిపోయి ఉంటే ఈ కథ ఎవరైనా చెప్పేవాళ్లా? అదే భారతం మొదట్లో, నన్నయ తెలుగులోనూ, ఇంకో కుక్క ఉంది. పేరు సరమ. తన కూనను నిష్కారణంగా కొట్టారని జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికే వచ్చి నిలదీసింది. ఆ కథతో హుండీ నిండదు, వదిలేశారు.

చట్టం ఉంది కదా అంటారా? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టెంకాయ ఖరీదు.

చట్టం సంగతి అలా ఉంచితే, మనకు ఆనుకునే ఉన్న మద్రాసులో కెప్టెన్ సుందరం 1959లో జంతు సంక్షేమ సంస్థ బ్లూక్రాస్ పెట్టారు. ఆ సంస్థ 1964లోనే వీధికుక్కలకు ఆపరేషన్లు మొదలుపెట్టింది. కార్పొరేషన్ మాత్రం 1996 దాకా చంపే దారినే నమ్ముకుంది. ఏళ్ల తరబడి చంపినా కుక్కలు తగ్గలేదు, ఖాళీ అయిన వీధిలోకి పక్కవీధివి వచ్చి మళ్లీ ఈనేవి. ఆపరేషన్ చేసి, టీకా వేసి, అదే వీధిలో వదలాలని తర్వాత దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల గురించి ఉత్తర్వులిచ్చినప్పుడు టీవీల్లో కుక్కల పక్షం వాళ్లూ, వాటిని వద్దనేవాళ్లూ గొంతు చించుకున్నారు. బియ్యం సంచుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

శనివారం పెరుగన్నం పెట్టేవాళ్లను మానమని నేననను. పెట్టండి. రోజూ పెట్టండి, ఒకే చోట, ఒకే వేళకు. చేతికి మచ్చికయ్యాక వీధిలో నలుగురూ ఆటోకు చందా వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆపరేషన్ ఒక్కసారే, రేబిస్ టీకా ఏటా. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆరోజు చాలాచోట్ల ఉచితంగానే వేస్తారు. ఇంట్లో పిల్లలు కుక్క కావాలని మారాం చేస్తే వేలు పోసి జాతికుక్కను కొనకండి, వీధి కూననే తెచ్చుకోండి. నల్లదే కానక్కర్లేదు.