మొక్కు మానవద్దు, మందు ఆపవద్దు

మనోవ్యాధుల విషయంలో మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రెండు వాదాలు వినిపిస్తూ ఉంటాయి. దేవుడే బాగుచేయాలని కొందరంటే, మొక్కులన్నీ మూఢనమ్మకాలు, మాత్రలుంటే చాలునని మరికొందరంటారు. రెండూ అర్ధసత్యాలేనని నా నిశ్చితాభిప్రాయం.

చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా చెప్పింది. మంత్రం, పూజ, ఉపవాసం మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహారౌషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనస్సును మళ్ళించేది సత్త్వావజయం. నేడు మనం కౌన్సెలింగ్ అంటున్నది ఈ మూడవదానికి దగ్గరి చుట్టం. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగింటినీ చికిత్సకు పాదాలుగా ఆ గ్రంథమే పేర్కొన్నది. మనోవ్యాధిలో ఆ పరిచారకుడు సాధారణంగా తల్లి, భార్య లేదా తోబుట్టువు.

మతిస్థిమితం తప్పినవారిని కొండగట్టుకు తీసుకువెళ్ళి, రోజుల తరబడి అంజన్న సన్నిధిలో ఉంచే ఆచారం మనకు తెలిసినదే. అక్కడ కలిగే ఊరటలో విశ్వాసానిది ఎంత పాలో, ఇల్లూ పనీ విడిచి రోగి పక్కన కూర్చున్న మనిషి తోడుది కూడా అంతే పాలని నేను భావిస్తాను. కనుక కౌన్సెలింగ్ చేసేవారు రోగి ఎవరిని నమ్ముతాడో, తన బాధ ఎవరితో చెప్పుకోగలడో ముందుగా తెలుసుకోవాలి. ఆ ఆత్మీయుని కూడా కూర్చోబెట్టుకొని మాట్లాడాలి. వేములవాడలో రాజన్నతో పాటు ఆలయ ప్రాంగణంలోని దర్గానూ కొలిచిన నేల మనది. కెస్లాపూర్ నాగోబాకు మొక్కే గోండులూ మనవారే. కౌన్సెలర్ రోగి విశ్వాసాన్ని ఆసరాగా తీసుకోవాలి గాని తన విశ్వాసాన్ని అతనిపై రుద్దరాదు.

అయితే విశ్వాసం పేరిట హింస కూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకొని వచ్చిన రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఆశ్రమంలో మంటలు చెలరేగి 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. చరకుని ఉన్మాద చికిత్సలో ఓదార్పుతో పాటు బంధించడం, భయపెట్టడం కూడా ఉన్నాయి. ఓదార్పును స్వీకరిద్దాం, మిగిలినవాటిని విడిచిపెడదాం.

మొక్కు తీరింది కదా అని మందు మానివేయడం మరొక ప్రమాదం. అలా మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు. శంఖపుష్పి వంటి మేధ్య మూలికలు కూడా ఆ మందుకు బదులు కావు. వాటిని వాడదలిస్తే వైద్యునికి చెప్పే వాడాలి. వరుసగా నిద్ర లేకపోయినా, లేని మాటలు వినిపించినా, చావు మాట నోట వచ్చినా ఆలస్యం చేయక దవాఖానకు తీసుకువెళ్ళండి. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలను చూసిన ప్రాంతం మనది. చావు మాటను తేలికగా తీసుకోరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పూజ మానమని రోగికి చెప్పనవసరం లేదు. దీపం పెట్టిన చేతితోనే వేళకు మాత్ర అందించి, కాసేపు పక్కన కూర్చుని అతడు చెప్పేది వినండి.