లెక్కలు వదిలేస్తే అర్థశాస్త్రం అందదు

పదో తరగతి ఫలితాలు రాగానే జూనియర్ కాలేజీల ముందు ఏటా జరిగేది ఒకటే. మార్కులు బాగా వచ్చినవాళ్లు ఎంపీసీకో బైపీసీకో వెళతారు. మిగిలినవాళ్లను సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేరుస్తారు. ఆ గ్రూపుల్లో ఎకనామిక్స్ ఉంటుంది, లెక్కలు ఉండవు. ‘లెక్కల బాధ లేదు, హాయిగా గట్టెక్కవచ్చు’ అని నలుగురూ చెబుతారు. విన్న తండ్రికీ అది మంచి మాటగానే తోస్తుంది. అర్థశాస్త్రంలో పరిశోధన దాకా వెళ్లగల తెలివి ఉన్న పిల్లలకు మాత్రం దారి అక్కడే సగం మూసుకుపోతుంది. ఆ సంగతి వాళ్లకు ఎం.ఏ. పట్టా చేతికి వచ్చాక గాని తెలియదు.

పల్లెటూరివాళ్లకు అర్థశాస్త్ర పరిశోధనతో పనేమిటని అడిగేవారు ఉంటారు. మన పాలమూరు జిల్లాకు ఆ పరిశోధనతో ఉన్న సంబంధం ఈనాటిది కాదు.

పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. మెట్ట పంటల మీద పనిచేసే ఈ అంతర్జాతీయ సంస్థ 1975లో ఆరు పల్లెలను ఎంచుకుని అక్కడి బతుకుతెరువులను రాయడం మొదలుపెట్టింది. నాలుగు ఊళ్లు మహారాష్ట్రవి. రెండు అప్పటి మన జిల్లావి. వాటిలో ఒకటి డోకూరు, రెండోది ఇక్రిశాట్ కాగితాల్లో ఔరేపల్లి అని రాసుకున్న ఊరు. ఊరికి నలభై కుటుంబాలు: ముప్పై రైతులవి, పది కూలీలవి. ఏ పంట వేశారు, ఎంత కూలి ఇచ్చారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఏ ధరకు అమ్మారు అని మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి, ఏళ్ల తరబడి అడిగి రాసుకున్నారు.

ఆ రాతలు దేశాలు దాటాయి. పేదరైతు స్వభావంలోనే పిరికివాడు కాబట్టి కొత్త విత్తనం, కొత్త ఎరువు ముట్టడని పట్నాల్లో ఒక వాదం ఉండేది. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్లలో నిజమైన డబ్బు పెట్టి, నాణెం ఎగరేసి, పందెంలాంటి పరీక్ష చేశాడు. ఆ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. పందెం పెద్దదైనప్పుడు ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకేలా జాగ్రత్తపడ్డారు. కాబట్టి తేడాను స్వభావంలో వెతకనక్కరలేదు, ఎవరికి అప్పు పుడుతుంది, ఎవరికి పుట్టదు అన్నచోట వెతకాలన్నమాట. ఈ మాట మన రైతు ఎవరైనా చెప్పగలడు. కాని రైతు చెబితే గొణుగుడు అవుతుంది, లెక్క కట్టి చూపిస్తేనే బ్యాంకువాళ్లు, ప్రభుత్వంవాళ్లు వింటారు.

1994లో రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త మన ఊరి లెక్కలనూ, మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలనూ కలిపి మరో సంగతి తేల్చాడు. ఒక ఇంటి రాబడి పడిపోయినంతగా ఆ ఇంటి తిండీ ఖర్చూ పడిపోవు. ఊరు ఏదో ఒక రూపంలో ఆదుకుంటుంది. ఆ మూడు ఊళ్లలో ఒకదానిలో మాత్రం భూమిలేని కుటుంబాలకు ఆ ఆసరా తక్కువ. ఈ వ్యాసాన్ని ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చదువుతారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ ఊళ్లలో మకాం పెట్టి, ఎండలో తిరిగి, ప్రశ్నలు అడిగినవాళ్లు పల్లె నేపథ్యం ఉన్న పట్టభద్రులే. స్థానిక భాష తెలిసినవాళ్లే. ఆ లెక్కలతో పేరున్న వ్యాసాలు రాసినవాళ్లలో మాత్రం దూరపువాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2010 నుంచి 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలిని స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చి పరిశీలించినప్పుడు, కూలి త్వరగా అందిందని, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గిందని తేల్చినవాళ్లూ అమెరికా విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లే. మేలైన పని ఎవరు చేసినా మేలైనదే.

కాని ఏ ప్రశ్న అడగాలన్నది ముందు ఎవరికో ఒకరికి తోచాలి గదా! కౌలు ఒప్పందం నోటిమాటగా ఉంటుంది, కాగితంలో దొరకదు. సర్వే మనిషి వచ్చేసరికి వలసపోయిన కుటుంబం ఇంటికి తాళం ఉంటుంది. అతడు పక్కింట్లో అడిగి వెళ్లిపోతాడు. ఆ తాళం వేసిన ఇంట్లో పుట్టిన పిల్లే పరిశోధకురాలైతే, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఏ మేస్త్రీ తీసుకెళ్లాడు, ముసలివాళ్లను ఎవరి మీద వదిలారు అన్నవి ముందుగా అడుగుతుంది.

మరి ఆ పిల్లకు ఏం కావాలి? ఊరి అనుభవం ఒక్కటే చాలదు. బోరు వేసినవాడి రాబడి ఎక్కువగా ఉందనుకోండి. బోరు వల్ల రాబడి పెరిగిందా, లేక డబ్బున్నవాడే బోరు వేయగలిగాడా? చూపుకు రెండూ ఒకటే. వీటిని విడదీయడానికే గణాంకశాస్త్రం, ఎకనామెట్రిక్స్ ఉన్నాయి. వాటికి పునాది లెక్కలు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్లిన మన తెలుగువాడు సి.ఆర్. రావు పేరు నేటికీ ఎకనామెట్రిక్స్ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆయన పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అర్థశాస్త్రం ఎమ్మెస్ ప్రవేశపరీక్షలో లెక్కలే కీలకం. స్టైపెండ్ ఇచ్చి చదివించడం ఆ సంస్థ సంప్రదాయం. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, రిజర్వు బ్యాంకు 1987లో ముంబైలో నెలకొల్పిన ఇందిరాగాంధీ పరిశోధన సంస్థలో కూడా లెక్కలు రానివాళ్లు నెగ్గుకురావడం కష్టం. మనకు దగ్గరలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాతే చేరదగిన ఐదేళ్ల ఎం.ఏ. ఉంది. దాని పేరు విన్న తల్లిదండ్రులు మన మండలాల్లో ఎందరున్నారు?

లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ కలిసిన ఎంఈసీ గ్రూపు ఉంది. అయితే అది పట్నాల్లో, ఎక్కువగా సీఏ చదివేవారి కోసం నడుస్తోంది. మన పల్లెల పక్కనున్న కాలేజీల్లో కనిపించడం అరుదు. లెక్చరర్ ఒకరు ఎంపీసీకి ఎలాగూ ఉన్నారు. అదే గదిలో ఎకనామిక్స్ పిల్లలను కూర్చోబెట్టడానికి కొత్త భవనం అక్కరలేదు. ప్రిన్సిపాళ్లు, ఇంటర్మీడియెట్ బోర్డు తలచుకుంటే కావలసిన పని ఇది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బి.ఏ. తర్వాత పరిశోధన అంటే ఇంకా ఏడెనిమిదేళ్లు. కొడుకు సంపాదన కోసం ఎదురుచూసే ఇంటికి అది చిన్న మాట కాదు. కూతురైతే ఇరవై రెండేళ్లకే పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. యూజీసీ జేఆర్ఎఫ్‌కు ఎంపికైతే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 ఇస్తున్నారు. ఇది తెలిస్తే తల్లిదండ్రులు సంబంధం వాయిదా వేసుకోవచ్చు. కాకపోతే ఆ పరీక్షకు గైడ్లు బట్టీపట్టి నెగ్గినవాళ్లందరూ పరిశోధకులు కాలేరు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, చివర లెక్చరర్ ఉద్యోగం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వరు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు వ్యాసాలు చదవడం అదనపు భారం. ఇవన్నీ దాచి పిల్లలను పంపడం న్యాయం కాదు.

ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇళ్లలో కూర్చున్న మన కుర్రాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పైన చెప్పిన సంస్థలు బి.టెక్. వాళ్లను కూడా అర్థశాస్త్రంలో చేర్చుకుంటాయి. లెక్కలు వాళ్లకు వచ్చు, కావలసింది అర్థశాస్త్రం పుస్తకాలతో ఒక ఏడాది పరిచయం. ఇప్పటికే హెచ్ఈసీ, సీఈసీ దారిలో బి.ఏ.లో ఉన్నవాళ్లకూ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయం ద్వారా పన్నెండో తరగతి స్థాయి లెక్కలు ఒక్క సబ్జెక్టుగా రాయవచ్చు. బి.ఏ. మొదటి ఏడాదిలోనే రాస్తే మిగతా రెండేళ్లు ప్రవేశపరీక్షకు చదువుకునే వీలుంటుంది.